ఊదారంగు వేలిముద్ర

సత్యనారాయణ ఆడిన అబద్ధాల్లో చేతికి చిక్కేది పది గంటల పది నిమిషాలకి వచ్చింది.

అతను కొండ దిగువన శృంగవరపుకోటలో ఒక నోటరీ దగ్గర గుమాస్తా. ఆస్పత్రి వరండాలో బల్లకి ఈ పక్క అతను, ఆ పక్క సత్యకుమారి. ఆవిడ ఇరవై రెండేళ్లు ఇదే కొండల్లో పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగానే రాజీనామా ఇచ్చేసింది. డిటెక్టివ్ అని బోర్డేమీ పెట్టుకోలేదు. ఎవరింట్లో ఏది పోయినా, ఎవరి మాట మీద ఎవరికి అనుమానం వచ్చినా జనమే వచ్చి తలుపు కొడుతున్నారు. నిన్న సాయంత్రం కొట్టింది బేబి.

బేబి పెద్దమ్మ, కొర్రా గంగ, ఈ వరండా గోడకి అవతలి మంచం మీదే ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఆధార్ కార్డులో మాత్రం ఆ కొండ మీద సగం మందిలాగే జనవరి ఒకటిన పుట్టింది. తొమ్మిది రోజుల కిందట కాఫీ తోటలో కూలబడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. నోరు పోయింది, చూపు పోయింది. డాక్టరు జయశ్రీ రెండు దఫాలుగా వేరే డాక్టర్లని కూడా పిలిపించి చూపించింది. ముసలమ్మ ఇంక లేవదని అందరూ ఒకే మాట మీద ఉన్నారు. తేలాల్సిందల్లా ఎలా పోవాలన్నదే. విశాఖ తీసుకెళ్లి గొంతులో గొట్టం వేసి మిషను పెడితే ఊపిరి వారాలు, నెలలు కూడా ఆడొచ్చు. నొప్పికి మందిచ్చి ఇంటికి పంపితే నాలుగైదు రోజులు.

నాలుగింటికి అంబులెన్సు. దాన్ని పిలిపించింది గంగ మేనల్లుడు రవిబాబు. అతని దగ్గర కాగితం ఉంది. మార్చి ఇరవై మూడున గంగ శృంగవరపుకోటకి వెళ్లి, సత్యనారాయణ పనిచేసే నోటరీ ఆఫీసులో వేలిముద్ర వేసిందట. వైద్యం విషయంలోనూ, కాఫీ తోట విషయంలోనూ తను బతికున్నంత కాలం తన తరఫున మేనల్లుడే మాట చెబుతాడని అందులో ఉంది.

"బతికున్నంత కాలం" అన్న ముక్కని సత్యకుమారి మూడుసార్లు చదువుకుంది. తన తర్వాత తోట బేబిదేనని గంగ జనవరిలో పుష్య పండుగనాడు ఊరి పెద్దల ముందు చెప్పేసింది. అది అందరికీ తెలిసిన సంగతే. కొండ అంచున రెండున్నర ఎకరాలు, కింద లోయంతా కనబడే చోటు. మైదానం వాళ్లు ఇక్కడి భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు. కానీ రవిబాబు పేరు ముందు పెట్టుకుని టూరిస్టులకి గదులు కట్టాలనుకునేవాళ్లు విశాఖలో ఉన్నారు. అంటే గంగకి ఊపిరున్నంత కాలమే ఆ కాగితానికీ ఊపిరి. మిషను పెట్టేది గంగకీ కాగితానికీ కలిపి.

"మార్చి ఇరవై మూడున గంగ మీ ఆఫీసులో ఎంతసేపుంది?"

"గంటన్నరండి. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా."

"అంతసేపు ఆకలెయ్యలేదా ముసలమ్మకి?"

సత్యనారాయణ మొహం తేలికపడింది. కాగితం గురించి కాకుండా తిండి గురించి అడుగుతోంది గదా అనుకున్నాడు. "అయ్యో, అలా వదిలేస్తానా అండి. మా పెరట్లో మామిడికాయ కోయించి ఉప్పూ కారం అద్ది ఇచ్చాను. మామ్మగారు రెండు ముక్కలు తిన్నారు. బాగుంది బాబూ అన్నారు కూడా."

"పుల్లగా ఉందా?"

"పుల్లటి కాయేనండి."

సత్యకుమారి రాసుకుని పుస్తకం మూసింది. మనిషి తన అబద్ధానికి ప్రాణం పోద్దామని పెరట్లోంచి ఒక నిజం తెచ్చి అందులో పెడతాడు. అక్కడే దొరికిపోతాడు. ఈ కొండల్లో మామిడి కొత్త అయ్యేదాకా, అంటే మొదటి కాయ ఊరి దేవతకి పెట్టి పూజారి తినేదాకా, ఎవరూ పిందె కూడా నోట పెట్టరు. ఈ ఏడు గంగ ఊళ్లో కొత్త ఏప్రిల్ ఆరున జరిగింది. ఆ ఊరి పూజారి గాసి, గంగకి సొంత మరిది. నలభై ఏళ్లుగా అమ్మవారికి ఆ మొదటి కాయ వండి పెట్టింది గంగే. ఆ మనిషి రెండు వారాల ముందే కోట బజారులో కూర్చుని ఉప్పూ కారంతో మామిడి ముక్కలు తిన్నదంటే, ముహూర్తానికి ముందే అప్పగింతలు పెట్టినట్టుంది.

అయినా ఒక కాగితం దొంగదని తేలినంత మాత్రాన అంబులెన్సు ఆగదు. అది పోయినా దగ్గరి రక్తసంబంధం రవిబాబే; బేబి గంగ భర్త వైపు పిల్ల. బేబి చెబుతున్న రెండో కాగితం దొరకాలి. "పెద్దమ్మ ఏరే కాగితం రాయించినాదండి" అని మాత్రమే చెప్పగలిగింది బేబి. "ఎక్కడుందో నాకు సెప్పనేదు. నీకు తెలిస్తే అందరూ నీ మీద పడతారే గుంటా, అనీసింది."

బయల్దేరే ముందు సత్యకుమారి ఒకసారి లోపలికి తొంగిచూసింది. రవిబాబు మంచం కాళ్లవైపు కూర్చుని అత్త పాదాలకి కొబ్బరినూనె రాస్తున్నాడు. ముందు తన అరచేతుల్లో వేడి చేసుకుని అప్పుడు రాస్తున్నాడు. అతనికి ప్రేమ లేదనడానికి వీల్లేదు. ప్రేమా ఆశా ఒకే కుండలో ఉడికితే ఏ మెతుకు దేనిదో వండినవాడికే తెలీదు.

గంగ ముక్కులో ఆక్సిజన్ గొట్టం ఉంది. సత్యకుమారి దానివైపు ఎక్కువసేపు చూడలేకపోయింది.

*

పదకొండు యాభైకి సత్యకుమారీ బేబీ గంగ ఊరు దబ్బపుట్టు చేరారు. ఇరవై గడపల ఊరు. గంగ ఇల్లు ఒకటే గది, ఒక పొయ్యి. తాళం లేదు, గొళ్లెమే.

సత్యకుమారి పెట్టె చూసింది. అటక మీది రాగుల గాదె, దేవుడి మూల, పరుపు కింద, చూరులో. రేషన్ కార్డు దొరికింది, అటవీ హక్కుల పట్టా దొరికింది, పెన్షన్ పుస్తకం దొరికింది. కావాల్సింది మాత్రం లేదు. పన్నెండున్నరకి పొయ్యి పక్కన పీట మీద చతికిలబడింది.

ఈ పీట ఆవిడకి కొత్త కాదు. పదకొండేళ్ల కిందట బందోబస్తు డ్యూటీకి వచ్చి వానలో చిక్కుకుంటే, గంగ ఇదే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి తడి యూనిఫాం ఆరబెట్టింది. సత్యకుమారి తల్లి పోయి అప్పటికి నెల. విశాఖలో పెద్దాస్పత్రి, పంతొమ్మిది రోజులు గొట్టాల మధ్య. పొద్దున్నే ఒకరొచ్చి కాగితం చాపేవారు, ఇది చెయ్యమంటారా అని. ఈవిడ సంతకం పెట్టేది. అమ్మ కళ్లు ఏమంటున్నాయో తెలుస్తూనే ఉండేది. చాలు అని ఒక్క మాట ఆ పంతొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా అనలేకపోయింది. ఆ సంగతి తోడబుట్టినవాళ్లకి కూడా చెప్పుకోలేదు. ఆ వానలో, ఆ పొగలో, తనకేమీ కాని ఈ ముసలమ్మకి చెప్పుకుంది. గంగ అదంతా విని, కర్ర ఒకటి పొయ్యిలోకి ఎగదోసింది.

"ఇదేటే బేబీ?" అంది సత్యకుమారి పీట మీంచి లేస్తూ.

గుమ్మం పక్క గోడ మీద, నడుమెత్తున, ఒక బొటనవేలి మరక.

బేబి దగ్గరికొచ్చి చూసింది. పెద్దమ్మ అలవాటేనంది. ఏ కాగితానికి వేలేసినా మిగిలిన సిరా తెచ్చి ఈ గోడకే అద్దేదట. కాగితం వాళ్ల దగ్గరుంటుంది, ముద్ర నా దగ్గరుండాలి గదా అనేదట. ఏటా గోడ అలికినప్పుడు పాతవి మట్టి కిందకి పోతాయి, మళ్లీ కొత్తవి పడతాయి.

"ఈ ఎర్రమట్టి ఎప్పుడు అలికారు?"

"పుష్య పండక్కండి."

పండుగ జనవరిలో. మట్టి మీద ముద్ర ఉందంటే ఆ తర్వాత గంగ ఏదో కాగితం మీద వేలేసింది. ఉన్నది ఒక్కటే ముద్ర. ఇది రవిబాబు కాగితానిదేనని రేపు ఎవరైనా అనొచ్చు. సత్యకుమారి ఫోను తీసి, ఆ కాగితం ఫొటోని గోడ పక్కన పెట్టి చూసింది. ఫొటోలో వేలిముద్ర నీలం, ప్రతి ఆఫీసులోనూ ఉండే స్టాంపు ప్యాడు సిరా. గోడ మీదది ఊదా. తలుపు బార్లా తీస్తే ఎండ పక్కవాటుగా పడి, మరక అంచు బంగారుపురుగు రెక్కలా ఆకుపచ్చగా తళుక్కుమంది.

ఏ సిరాకీ ఆ తళుకుండదు. దాన్ని ఎక్కడో చూసింది, ఈ పూటే చూసింది.

గుమ్మం దాటి పెరట్లోకి నడిచింది. ఇందాక వస్తున్నప్పుడు దారికడ్డంగా నిలబడి, బేబి అదిలిస్తే తప్పుకున్న ఆవు చింతమొద్దుకి కట్టి ఉంది. సత్యకుమారి దాని మెడ మీద చెయ్యేసి తల కిందికి వంచింది. కుడి కొమ్ము మొదట్లో మానిన పుండు. చుట్టూ ఊదారంగు, అంచున అదే పచ్చటి తళుకు.

"ఇది ఎవరు పూశారే?"

"పశువుల డాక్టరు బాబండి. గాలికుంటు టీకాలేసీసి, కొమ్ము పుండుకి మందు పూసెల్లినాడు. ఆ రోజు నాను తోటకాడున్నాను. పెద్దమ్మే ఉంది ఇంట్లో."

టీకా కార్డు చూరులో దోపి ఉండింది. ఇందాక సత్యకుమారే తీసి, ఆవుది కదా అని పక్కన పడేసింది. తేదీ మార్చి పదకొండు. కింద గుండ్రటి ముద్ర: మండల పశువైద్యాధికారి.

ఆవిడకి తన మీద తనకే నవ్వొచ్చింది. ఎలా పోవాలో ముందే రాసుకునే ఇలాంటి వైద్యపు వీలునామాకి ఇద్దరు సాక్షులూ, పైన నోటరీయో గెజిటెడ్ ఆఫీసరో ఉండాలని చట్టం. నిన్నటి నుంచి నోటరీల ఇళ్లూ తహసీల్దారు ఆఫీసూ తిరుగుతోంది. ఈ కొండల మీది ఇళ్ల దాకా నడిచొచ్చే గెజిటెడ్ ఆఫీసరు ఒక్కడే. పిల్లల స్టడీ సర్టిఫికెట్ల నకళ్లూ, కులపత్రాలూ అన్నీ టీకాల పెట్టె పక్కన పెట్టుకుని సంతకాలు పెట్టేది ఆయనే. అరకు నుంచి జి.మాడుగుల దాకా ఎవరినడిగినా చెబుతారు, ఆవుకి సూదీ, మనిషికి సంతకమూ ఒకే రోజని.

ఆయన గుండ్రటి ముద్ర సిరా లోపలే ఉండే రకమయ్యుంటుంది, వేలికి అద్దడానికి విడిగా ప్యాడు ఉండదు. చేతిలో ఉన్న మందే సిరా అయింది.

*

ఒంటిగంటా నలభై. పంచాయతీ సచివాలయంలో సన్యాసిరావు అప్పటికే కుర్చీ వేసుకుని ఉన్నాడు.

రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు సత్యకుమారికి పై అధికారి. ఇప్పుడు విశాఖలో ప్రైవేటు దర్యాప్తు ఆఫీసు నడుపుతున్నాడు. రవిబాబు తరఫున వచ్చానన్నాడు గానీ, ఆయన వచ్చిన కారు రవిబాబు పిలిపించగలిగేది కాదు.

"నీకంటే రెండు గంటల ముందొచ్చాను సత్యా," అంటూ ఒక లెటరు ఆవిడవైపు జరిపాడు. కొర్రా గంగ పేరు మీద వైద్య సంబంధమైన ఎలాంటి పత్రమూ మా రికార్డుల్లో లేదని పంచాయతీ కార్యదర్శి కనక రాసి, ముద్ర వేసి ఇచ్చింది. "చట్టప్రకారం ఒక కాపీ ఇక్కడుండాలి. లేదు. ఇంక కొండలెక్కి మోకాళ్లు అరగదీసుకోకు."

"మీ గుమాస్తా ముసలమ్మకి మామిడికాయ పెట్టాడంట సార్, మార్చిలో."

సన్యాసిరావుకి వెంటనే అర్థమైంది. ఆయన కూడా ఈ కొండల్లో ఆరేళ్లు చేశాడు. నోట్లో వక్కపొడి నమలడం ఒక్క క్షణం ఆగింది. "వెధవ," అన్నాడు మెల్లిగా. తర్వాత మళ్లీ నమిలాడు. "మామిడి టెంక మీద కేసు నిలబడదులే."

సత్యకుమారి కనకవైపు తిరిగి, మార్చి నెల గాలికుంటు టీకాల ఫైలు ఉందా అమ్మా అని అడిగింది.

"పశువుల ఫైలా?" సన్యాసిరావు పకపకా నవ్వాడు. "రేపు ఆ ఆవు చేత కూడా సాక్ష్యం చెప్పిస్తావేటి?"

"ఆవైతే మామిడికాయ తిన్నానని చెప్పదు సార్."

కనక ఆకుపచ్చ ఫైలు తెచ్చి దారం విప్పింది. ఊళ్లవారీగా పశువుల జాబితాలు, చెవి పోగుల నంబర్లు. దబ్బపుట్టు జాబితా వెనక, అదే గుండుసూదికి, చేత్తో రాసిన రెండు కాగితాలు. మొదటి పేజీ అడుగున ఊదారంగు వేలిముద్ర, పక్కన పశువైద్యాధికారి గుండ్రటి ముద్ర. కనక మొహం పాలిపోయింది. తపాలాలో వచ్చినప్పుడు పైన ఆ ముద్ర చూసి పశువుల కాగితమే అనుకున్నానండి, లోపల చదవలేదు అంది. ఇందాక రాసిచ్చిన లెటరు ఎలా వెనక్కి తీసుకోవాలో కూడా అడిగింది. 

సత్యకుమారి మొదటి పేజీ ఫొటో తీసి డాక్టరు జయశ్రీకి పంపింది. ఆ వెంటనే టీకా కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. పశువుల డాక్టరు సురేంద్ర గొంతు నెమ్మదిగా ఉంది. శిక్షణకని హైదరాబాదు వెళ్లి నిన్ననే తిరిగొచ్చాడట. గంగమ్మ పడిపోయిన సంగతే తెలీదు. 

ఆ రోజు జరిగింది చెప్పాడు. గంగమ్మ ముసలి ఎద్దు నాలుగు రోజులుగా లేవడం లేదు. ఇంక సూదులు పొడవొద్దు, నీడలో పడుకోబెట్టి నీళ్లు తాగిస్తూ, పూటపూటకీ పక్క మార్చమని తను చెప్పాడు. ముసలమ్మ ఎద్దు గంగడోలు నిమురుతూ, మనిసికీ ఇలాటి డాక్టరుంటే బాగున్ను బాబూ అంది. మనుషులకీ ఇప్పుడు అలా ముందే రాసుకునే వీలుందని తను అన్నాడు. వెంటనే ముసలమ్మ లేచి చేతులు కడుక్కొచ్చి ఎదురుగా కూర్చుంది, రాయమని. తోట సంగతి కూడా రాయనా అని అడిగితే, అది పెద్దలకి చెప్పాను, దీన్లో కలపకు, కలిపితే నా సావు మీద బేరం పెడతారు అంది. సాక్షులుగా తన వెంట వచ్చిన అటెండరు తాతారావూ, టీకాలేసే బుధూ సంతకం చేశారు. ఆ ఊరి వాళ్లూ కారు, ఆవిడ చుట్టాలూ కారు.

సత్యకుమారి బేబికి వినబడేలా మొదటి పేజీ పైకి చదివింది.

'నా పేరు కొర్రా గంగ. నా బుర్ర సరిగ్గానే ఉంది. నన్నెవరూ బెదిరించలేదు. నేను ఇంక లేవనని డాక్టర్లు తేల్చినప్పుడు గొంతులో గొట్టాలు పెట్టొద్దు, మిషను పెట్టొద్దు. నొప్పికి మందియ్యండి. నా పొయ్యి పక్కన పడుకోబెట్టి, తోటవైపు తలుపు తీసి ఉంచండి. పొయ్యి ఆరనియ్యొద్దు. రవిబాబు ఏడిస్తే ఏడవనియ్యండి, వాడు నా చేతుల్లో పెరిగినోడే.'

బేబి కొంగు నోట్లో కుక్కుకుంది.

సత్యకుమారి పేజీ తిప్పి రెండో కాగితం పైకే మొదలుపెట్టింది. 'నేను మాట్లాడలేనప్పుడు నా తరఫున మాట చెప్పాల్సిన మనిషి,' అని చదివి ఆగిపోయింది.

అక్కడ ఉన్నది బేబి పేరు కాదు. రవిబాబు పేరూ కాదు. సురేంద్ర గుండ్రటి అక్షరాల్లో తన పేరు, తండ్రి పేరు, మాజీ హెడ్ కానిస్టేబుల్ అన్న మాట. దాని కింద, గంగ నోట వచ్చినది వచ్చినట్టే రాశాడు:

'ఆయమ్మకి ముందే సెప్పొద్దు బాబూ, బయపడి వద్దంటాది. వాలమ్మకాడ సెప్పాల్సిన మాట సెప్పనేకపోనాది. అప్పట్నించీ ఆ మాట ఆయమ్మ పీకలోనే ఉంది. ఒకపాలి నోరు పెగలనోలికే రెండోపాలి పెగులుతాది.'

ఆవిడ ఆ నాలుగు వరుసలూ చదివింది. మళ్లీ చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

సన్యాసిరావు బల్ల అవతలి నుంచే, తలకిందులుగానే చదివేశాడు. ముప్పై ఏళ్ల పోలీసు చదువు అది. కుర్చీ ముందుకి జరిపాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు, అందుకే ఎక్కువ భయపెట్టింది.

"ఇప్పుడు నువ్వు దర్యాప్తు చేసే మనిషివి కాదు సత్యా. పార్టీవి. నీ పేరున్న కాగితం నువ్వే వెతికావు, నీ చేతికే దొరికింది. అదీ పశువుల ఫైల్లో. ఫోర్జరీ అని సాయంత్రానికి కంప్లయింటు పడుతుంది. ఈ కొండల మీద నీ మాటకున్న విలువంతా పోతుంది. నాకు సంబంధం లేదని ఒక్క ముక్క రాసిచ్చెయ్. నిన్నెవరూ అంటుకోరు, నా హామీ."

"నేను రాసిస్తే గంగకి ఎవరు చెబుతారు సార్?"

"రక్తసంబంధం ఉంది గదా, రవిబాబు."

బల్ల మీద ఫోను మోగింది. రెండు యాభై. డాక్టరు జయశ్రీ.

అంబులెన్సు గంట ముందే వచ్చేసిందని చెప్పింది. మంచం చక్రాల మీదకి ఎక్కించారు, రవిబాబు వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనకాల ఇంజను మోత వినబడుతోంది. "కాగితం మొదటి పేజీ చూశాను. ముద్ర, సాక్షులు, తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండో పేజీ మీరు పంపలేదు. పేరున్న మనిషి నోటితో చెబితే ఇప్పుడే ఆపేస్తాను. చెప్పకపోతే నా చేతిలో లేదు. ఆ మనిషి దొరికారా? ఉంటే ఫోనివ్వండి."

సత్యకుమారి ఫోను ఎవరికీ ఇవ్వలేదు. సన్యాసిరావు కళ్లార్పకుండా చూస్తున్నాడు. కనక ఫైలు దారం వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. బేబి మాత్రం ఏమీ అడగలేదు. పదకొండేళ్ల కిందట గంగ అడగనట్టే.

"నేనేనండి ఆ మనిషిని," అంది సత్యకుమారి.



"చెప్పండి మరి," అంది డాక్టరు మెత్తగా. "ఏం చెయ్యమంటారు?"

పంతొమ్మిది పొద్దులూ ఆవిణ్ణి అడిగిన ప్రశ్నే అది.   గోడ మీది ఊదా మరక కళ్లముందు కదిలింది.

"చాలు డాక్టరుగారూ," అంది. "దింపెయ్యండి. మా మనిషిని ఇంటికి తీసుకుపోతాం."

సన్యాసిరావు నిట్టూర్చి, జేబులోంచి తన ఫోను తీసి పోలీసు స్టేషను నంబరు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. బేబి అప్పటికే గుమ్మం దాటేసింది, పొయ్యి రాజెయ్యాలని.